చేవ ఉన్న బల్లను చిత్తు కింద అమ్ముకోవద్దు

కోనసీమలో ఏ ఊరి వీధిలోనైనా పొద్దున పది అయ్యేసరికి ఒక ఆటో తిరుగుతుంది. పాత ఇనుము కొంటాం, పాత ప్లాస్టిక్ కొంటాం, పాత బల్లలు, కుర్చీలు కొంటాం అని దాని మైకు అరుస్తుంది. ఆ కేక వినగానే పెరటి వసారాలో మూలన పడి ఉన్న పాత బల్ల మనకు గుర్తొస్తుంది. దాని మీద ఎరువు బస్తా ఉంటుంది. కింద కోడిపెట్ట పొదుగుతూ ఉంటుంది. బస్తా దించి, కోడిని తోలి, బల్లను ఆటో ఎక్కిస్తాం. నాలుగైదు వందలు చేతిలో పడతాయి. చోటు కలిసొచ్చిందని ఇంట్లో అందరూ సంతోషిస్తారు.

ఏడాది తిరక్కుండానే పిల్లవాడు పదో తరగతికి వస్తాడు. చదువుకోవడానికి బల్ల కావాలంటాడు. టౌనుకు వెళ్లి అయిదారు వేలు పోసి, అద్దంలా మెరిసే బల్ల తెస్తాం. పైన ఉన్నది టేకు చారలు అచ్చు వేసిన కాగితం. లోపల ఉన్నది జిగురు కలిపి అదిమిన చెక్క పొట్టు. రెండో వానాకాలానికి దాని అంచులు ఉబ్బి పెచ్చులు లేస్తాయి. మర మేకులు పట్టు వదులుతాయి. మళ్లీ అదే ఆటో వస్తుంది. ఈసారి ఊరికే ఇస్తామన్నా అతను ఎక్కించుకోడు.

ఈ బేరంలో మనల్ని ఎవరూ మోసం చేయలేదు. మన ఇంట్లో ఉన్న వస్తువు విలువ మనకు తెలియలేదు, అంతే. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత మన విషయంలో అక్షరాలా నిజమవుతున్నది.

పాత చెక్క బల్లను ఇంట్లోనే బాగుచేసుకోవడం బ్రహ్మవిద్య కాదు. నాలుగు ఆదివారాల పని. అమ్మే ముందు ఒక్కసారి ఆ బల్లను తిరగేసి చూడమనీ, ఎవరైనా అమ్ముతుంటే సెకండ్ హ్యాండ్ అని చిన్నతనం పడకుండా కొనుక్కోమనీ చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మనం అమ్ముతున్నది ఏమిటి?

ఎగువ అడవుల నుంచి గోదావరి మీద తెప్పలు కట్టి కలప దించిన కాలం ఒకటుండేది. మన మండువా లోగిళ్ల స్తంభాలకు, దూలాలకు, తలుపులకు టేకు వాడారు. ఆ టేకుతోనే మన ఊళ్ల వడ్రంగులు రాత బల్లలు, బీరువాలు, పందిరి మంచాలు చేశారు. ఇప్పుడా లోగిళ్లు ఒక్కొక్కటే విప్పేస్తున్నారు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఇల్లు విప్పినప్పుడు స్తంభాలకూ తలుపులకూ బేరం బాగానే పలుకుతుంది. బల్లలు, పీటల వంటి చిల్లర సామాను మాత్రం చిత్తు కింద పోతుంది.

చెట్టు నడిమి గట్టి భాగాన్ని మనం చేవ అంటాం. మనిషిలోని సత్తువను కూడా ఆ మాటతోనే చెబుతాం. టేకు చేవలో సహజంగానే నూనె వంటి పదార్థాలు ఉంటాయి. అందుకే చెద దాన్ని అంత సులువుగా ముట్టదు. వానకూ ఎండకూ అది పెద్దగా వంకరపోదు. అటువంటి చేవ పట్టాలంటే చెట్టు దశాబ్దాల తరబడి నిలబడాలి. లేత వయసులోనే కొట్టిన టేకులో తెల్ల చెక్క పాలు ఎక్కువ. ఆ తెల్ల చెక్కను చెద తింటుంది. కనుక మీ తాతగారి బల్లలో ఉన్న కలపను ఈ రోజు కొనాలంటే ఆ ధర మనబోటివాళ్లం భరించలేం.

2022 జూలైలో గోదావరి వరద మన లంక గ్రామాలను ముంచింది. అటువంటి నీటిలో ఒక్క రాత్రి నానిన పొట్టు చెక్క మళ్లీ మామూలు రూపానికి రాదు. గట్టి టేకు బల్ల సంగతి వేరు. బురద కడిగి నీడన నిదానంగా ఆరబెడితే చాలావరకు నిలబడుతుంది. అతుకులు వదిలితే మళ్లీ బిగించుకోవచ్చు. 1986 ఆగస్టు వరదనూ, 1996 నవంబరు తుపానునూ చూసిన జిల్లా మనది. తడికి తట్టుకునే సామాను విలువ మనకు ఇంకొకరు చెప్పాలా?

తిరగేసి చూడండి

అయితే పాతవన్నీ బంగారం కావు. ఏ చెక్కకైనా టేకు రంగు పూయవచ్చు. మేడిపండు సంగతి తెలిసిందే గదా. కనుక బల్ల పై భాగం చూసి బేరం ఆడవద్దు. తిరగేసి అడుగు చూడండి. సొరుగు లాగి దాని లోపలి చెక్క చూడండి. అక్కడ పాలిష్ ఉండదు కనుక చెక్క అసలు రంగు తెలుస్తుంది. కనిపించని చోట చాకుతో కొద్దిగా గీకండి. టేకైతే బంగారు గోధుమ రంగు తేలుతుంది, చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది, కొత్త తోలు వంటి వాసన వస్తుంది.

అంచు చూడండి. పైనున్న చారలు అంచులోకి కొనసాగుతుంటే అది నిండు చెక్క. అంచున పొరలు పొరలుగా ఉంటే అది ప్లైవుడ్డు. పైన పలుచని రేకు చెక్క అతికించి ఉంటే దాన్ని గట్టిగా రాకకూడదు, రెండు రాపిళ్లకే అడుగు తేలుతుంది.

చిన్న చిన్న బెజ్జాలుండి వాటి కింద పిండి రాలుతుంటే లోపల పుచ్చు పురుగు బతికే ఉందని అర్థం. అటువంటిది ఇంట్లోకి తేవద్దు. మిగతా సామానుకు కూడా పడుతుంది. బెజ్జాలు పాతవై, పిండి రాలకపోతే చెక్క పురుగుల మందు పట్టించి వాడుకోవచ్చు. కాళ్లు ఊగుతున్నంత మాత్రాన భయపడనక్కర లేదు. అతుకు వదిలిన బల్ల బాగుపడుతుంది. కాలు కుళ్లిన బల్ల మాత్రం అంత తేలిగ్గా బాగుపడదు.

నేను పక్క ఊళ్లో విప్పుతున్న ఒక లోగిలి నుంచి 1,500 రూపాయలకు ఒక రాత బల్ల కొన్నాను. ఒక కాలు ఊగుతున్నది. పైన సిరా మరకలు, వేడి గ్లాసులు పెట్టిన తెల్ల వలయాలు, అర అంగుళం మురికి. చూసినవాళ్లు నవ్వారు. తక్కిన సరుకంతటికీ నాకు అయిన ఖర్చు తొమ్మిది వందల చిల్లర.

పని వరుస

మొదటి ఆదివారం శుభ్రం చేయడానికే. కొద్దిగా సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవండి. వెంటనే పొడి గుడ్డతో తుడవండి. బల్ల మీద నీళ్లు గుమ్మరించవద్దు. జిడ్డు వదలకపోతే టర్పెంటైన్ తడిపిన గుడ్డ వాడండి. మురికి వదిలాక ఒకసారి దూరంగా నిలబడి చూడండి. చాలాసార్లు అక్కడితోనే సగం పని అయిపోతుంది. పాలిష్ బాగానే ఉంటే దాన్ని గీకి పారేయవలసిన అవసరమే లేదు.

అదే రోజు అతుకులు చూసుకోవాలి. ఊగే కాలును నెమ్మదిగా ఊడదీసి, బెజ్జంలో ఎండిన పాత జిగురును గీకేయండి. కొత్త జిగురు పాత జిగురును పట్టదు, చెక్కనే పడుతుంది. ఫెవికాల్ రాసి, కాలు బిగించి, చుట్టూ తాడు కట్టి, తాడు మధ్య పుల్ల దూర్చి మెలిపెట్టండి. ఒక పగలూ ఒక రాత్రీ కదపవద్దు. మేకులు మాత్రం కొట్టవద్దు. మేకు ఈ ఏడాది ఊగుడు ఆపుతుంది, మరుసటి ఏడాది కాలు చీలుస్తుంది.

రెండో ఆదివారం పాత పాలిష్ తీయాలి. ముందు అది ఏ పాలిషో తెలియాలి. ఒక మూల పాలిష్ స్పిరిట్ తడిపిన గుడ్డతో రుద్దండి. జిగటగా కరిగి గుడ్డకు అంటితే అది లక్క పాలిష్. మన పాత బల్లలకు ఎక్కువగా ఉండేది అదే. స్పిరిట్‌తోనే కరిగించి తుడిచేయవచ్చు. కరగకపోతే వార్నిషో, రంగో అనుకోవాలి. వార్నిష్ అయితే గరుకు కాగితంతో రాకాలి. పెయింట్ల కొట్టులో ఎమరీ పేపరు అన్నా ఇస్తారు. పొట్టు పెచ్చులుగా లేచిన చోట 80 నంబరు, ఆ తర్వాత 120, 180, చివర 220. నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు. ఎప్పుడూ చెక్క చారల వెంటే రాకాలి. అడ్డంగా రాకితే పడే గీతలు అప్పటికి కనిపించవు. పాలిష్ పడగానే ఒక్కొక్కటీ లేచి నిలబడతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మూడో ఆదివారం మరకలు, పగుళ్లు. మేకు తుప్పు వల్ల వచ్చిన నల్ల మచ్చలు చిన్నవైతే నిమ్మరసంతో తగ్గుతాయి. తర్వాత తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. సిరా మచ్చ లోతుకు దిగి ఉంటే అలాగే ఉండనివ్వండి. రాత బల్లకు సిరా మచ్చ అవమానం కాదు. పగుళ్లలో పెట్టడానికి వేరే లప్పం కొననక్కర లేదు. రాకినప్పుడు వచ్చిన మెత్తని పొట్టును ఫెవికాల్‌తో ముద్ద చేసి కూరండి. ఆరాక మళ్లీ నునుపు చేయండి.

నాలుగో ఆదివారం పాలిష్. లీటరు స్పిరిట్‌లో సుమారు 200 గ్రాముల లక్క రేకులు వేసి, మూత పెట్టి, అప్పుడప్పుడూ కలుపుతూ ఒక రాత్రి నాననిచ్చి వడకట్టాలి. చిన్న బల్లకు అందులో సగం చాలు. దూదిని మెత్తని పాత మల్లు గుడ్డలో చుట్టి ముంచి, చారల వెంట ఒక్క సాగున రాయాలి. రాసిన చోటికి తడి ఆరకముందు మళ్లీ వెళ్లవద్దు. గంట ఆగి రెండో పూత వేయండి. రెండు మూడు పూతలకొకసారి 320 నంబరు కాగితంతో తేలిగ్గా రాకి, పొడి తుడవండి. అయిదారు పలుచని పూతలు ఒక మందపాటి పూత కన్నా మేలు. ఆ తర్వాత వారం రోజులు దాని మీద బరువు పెట్టవద్దు.

లక్క పాలిష్ వేడికీ, నీటికీ అంతగా ఆగదు. చదువు బల్లకు అది చాలు. అన్నం తినే బల్లకైతే వార్నిష్ వేసుకోవడమే మంచిది.

మనం చేసే పొరపాట్లు

మన జిల్లాలో కొబ్బరి నూనెకు కరువు లేదు. నేను మొదటిసారి చేసిన తెలివితక్కువ పని అదే. పాత పాలిష్ తీయగానే చెక్క పొడిబారినట్టు కనిపించింది. గిన్నెడు కొబ్బరి నూనె పట్టించాను. ఆ పూటకు బల్ల మెరిసిపోయింది. వారం తిరిగేసరికి దాని మీద పెట్టిన పుస్తకాల అట్టలన్నీ జిడ్డయ్యాయి, దుమ్మంతా వచ్చి అంటుకున్నది. కొబ్బరి నూనె, ఆముదం ఎన్నాళ్లు ఉంచినా ఆరి గట్టిపడే నూనెలు కావు. ఆరే గుణం అవిసె నూనెకు ఉంది. లిన్‌సీడ్ ఆయిల్ అని పెయింట్ల కొట్టులో అడగండి. రాసిన పావుగంటకు పైనున్న మిగులు నూనెను తుడిచేయాలి. నేను మళ్లీ టర్పెంటైన్‌తో జిడ్డు తీసి, మొదటి నుంచి రాకవలసి వచ్చింది. రెండు ఆదివారాలు అదనంగా పోయాయి.

కాస్టిక్ సోడా నీళ్లతో పాలిష్ తీసేవాళ్లు ఉన్నారు. టేకు నల్లబడిపోతుంది, చేతులు కాలతాయి. ఆరడానికని నడి ఎండలో పెడితే చెక్క పగులుతుంది. నీడలో, గాలి ఆడే చోట ఆరాలి. వానాకాలంలో లక్క పాలిష్ వేస్తే గాలిలోని తడికి పాలిష్ తెల్లబారుతుంది. మన గాలిలో తడి ఎక్కువ. కనుక కార్తీకం వెళ్లాక, మాఘ ఫాల్గుణాల్లో, మంచు విడిచి ఎండ ఎక్కిన తర్వాత ఈ పని పెట్టుకోవాలి.

ప్రాణం మీదకు తెచ్చుకోవద్దు

మూడు విషయాల్లో మాత్రం అశ్రద్ధ పనికిరాదు.

మొదటిది, పాత రంగు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని మన దేశంలో 2016లో నిబంధనలు చేశారు. అవి 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు. ఆ పొడి పసిపిల్లల మెదడుకు చేటు. కనుక పాత రంగున్న బల్లను పొడిగా రాకవద్దు. నీళ్లకు ఆగే ఎమరీ పేపరు తెచ్చి, తడిపి రాకండి. పిల్లలను దూరంగా ఉంచండి. ఆ బురదను కూరపాదుల్లో పోయవద్దు.

రెండోది, స్పిరిట్. ఇది నిప్పును ఇట్టే అందుకుంటుంది. పొయ్యి దగ్గర, దీపం దగ్గర, బీడీ చేతిలో పెట్టుకుని ఈ పని చేయవద్దు. పైగా అది విషం. కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. మిగిలిన స్పిరిట్‌ను నీళ్ల సీసాలోనో, కూల్‌డ్రింకు సీసాలోనో పోసి ఉంచడం కన్నా పెద్ద తప్పు లేదు.

మూడోది చాలామందికి తెలియదు. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు గాలిని పీల్చుకుంటూ వేడెక్కుతుంది. కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోదు. ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకుంటుంది. తాటాకు పాకలు, కొబ్బరి డొక్కలు, ఆకుల కుప్పలు ఉన్న పెరళ్లు మనవి. పని కాగానే ఆ గుడ్డలను నీళ్ల బకెట్టులో ముంచండి, లేదా ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.

వడ్రంగి పొట్ట కొడుతున్నామా?

అందరూ ఇంట్లోనే చేసుకుంటే వడ్రంగి ఏం తినాలి అని అడిగేవారు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. కాని ఊరి వడ్రంగి పనిని దెబ్బతీసింది ఇంట్లో గరుకు కాగితం పట్టినవాడు కాదు. పెట్టెలో ప్యాకై వచ్చే పొట్టు బల్లకు వడ్రంగితో పనే లేదు. అది విరిగితే బాగుచేయడానికి అతనికి వీలూ కాదు. మర మేకు ఒకసారి ఊడిన పొట్టు చెక్కలో మళ్లీ పట్టదు. చెక్క బల్ల ఇంట్లో ఉన్నంతకాలం దానికి కాలు మార్చడానికో, సొరుగు సరిచేయడానికో అతని గడప తొక్కుతాం. నా బల్లకు చీలిన అడ్డపట్టె మార్చింది మా ఊరి వడ్రంగే. రాకుడు, తుడుపు మనం చేసుకుందాం. ఉలి పట్టవలసిన పని అతనికి ఇద్దాం, అడిగిన కూలి బేరమాడకుండా ఇద్దాం.

తీరిక ఎక్కడుందనేవారికి ఒకటే మాట. మాఘంలో నాలుగు ఆదివారాలు సెల్‌ఫోను చూస్తూ పోగొట్టుకోని ఇల్లు ఎక్కడైనా ఉందా? పెద్ద పిల్లలను రాకుడు పనికి కూర్చోబెట్టండి. తన చేత్తో నునుపు చేసిన బల్ల మీద ఏ పిల్లవాడూ చాకుతో గీతలు పెట్టడు.

ఊరి బడుల్లో, గ్రంథాలయాల్లో, పంచాయతీ కార్యాలయాల్లో పాత బల్లలు చూరు కింద తడుస్తున్న చోట కూడా ఇదే మాట. వేలం వేసే ముందు చెక్క తెలిసిన వడ్రంగిని పిలిచి చూపించండి. యువకులు పది మంది కలిస్తే ఒక సెలవులో అవన్నీ మళ్లీ నిలబడతాయి.

చివరిగా ఒక సంగతి. నేను కొన్న బల్ల సొరుగును శుభ్రం చేస్తుంటే అడుగు చెక్క మీద పెన్సిలు రాత కనిపించింది. ఎవరో పిల్లవాడు పదమూడో ఎక్కం రాసుకున్నాడు. పదమూడు ఎనిమిదుల దగ్గర తప్పు చేసి, కొట్టేసి, 104 అని సరిగ్గా రాశాడు. ఆ చెక్క ఒక్కటి మాత్రం రాకలేదు, పాలిష్ వేయలేదు. ఇప్పుడా బల్ల మీద మా మనవరాలు లెక్కలు చేసుకుంటున్నది. ఎక్కం మరిచిపోయినప్పుడు సొరుగు తెరిచి చూసుకుంటుంది.

ఆ బల్ల ఆటో ఎక్కి ఉంటే ఎవరికో అయిదు వందలు వచ్చేవి. మీ వసారాలో ఉన్న బల్ల మీది బస్తా ఈ ఆదివారం దించి చూడండి.